కణత్వచం: పరిశోధనా చరిత్ర

కణంలోని పదార్థాన్ని బయటి పరిసరాల నుంచి వేరుచేసే పలుచని పొర కణత్వచం. ఇది ప్రధానంగా లిపిడ్లు, ప్రోటీన్లతో ఏర్పడుతుంది. దీని మందం సుమారు 7 నుంచి 8 నానోమీటర్లే కావడంతో సాధారణ సూక్ష్మదర్శినికి ఇది విడిగా కనిపించదు. అందువల్ల దీని నిర్మాణాన్ని కంటితో చూడకముందే ప్రయోగాల ద్వారా ఊహించవలసి వచ్చింది.

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసిన గదులు మృతకణాల గోడలు మాత్రమే. త్వచం స్వభావాన్ని గురించిన తొలి బలమైన ఆధారం 1890లలో లభించింది. నూనెలో తేలికగా కరిగే పదార్థాలు కణంలోకి త్వరగా చేరుతున్నాయని జూరిచ్‌లో పనిచేస్తున్న ఎర్నెస్ట్ ఓవర్టన్ గమనించి, త్వచంలో కొవ్వు జాతి పదార్థం ఉందని నిర్ధారించాడు.

1925లో లైడెన్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాలను ఎంచుకున్నారు. క్షీరదాల పరిణత రక్తకణాల్లో కేంద్రకం గానీ లోపలి త్వచాలు గానీ ఉండవు కాబట్టి, వాటి నుంచి తీసిన లిపిడ్ అంతా పైపొరదే అవుతుంది. ఎసిటోన్‌తో వేరుచేసిన ఆ లిపిడ్‌ను నీటిపై ఒక అణువు మందాన పరిస్తే, అది కణాల ఉపరితల వైశాల్యానికి దాదాపు రెట్టింపు మేర పరుచుకుంది. దీన్నిబట్టి త్వచంలో లిపిడ్ రెండు వరుసలుగా ఉంటుందని తేల్చారు. నీటితో కలిసే తలలు బయటివైపు, నీటికి దూరంగా ఉండే తోకలు లోపలివైపు ఉంటాయి. లిపిడ్ పూర్తిగా బయటికి రాకపోవడం, కణాల వైశాల్యాన్ని తక్కువగా అంచనా వేయడం అనే రెండు లోపాలు ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయని తరువాత తెలిసింది. అయినా వారి నిర్ణయం నిలిచింది.

అదే సంవత్సరం హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రచురించారు. త్వచంలో ఉండే, భాస్వరం కలిగిన లిపిడ్లైన ఫాస్ఫోలిపిడ్ల పరిమాణాన్ని లెక్కగట్టడానికి అది ఎంతగానో తోడ్పడింది.

ప్రోటీన్ల స్థానం తేలడానికి మరింత కాలం పట్టింది. అవి లిపిడ్ పొరకు ఇరువైపులా పూతలా ఉంటాయని 1935లో డేవ్‌సన్, డానియెల్లి ప్రతిపాదించారు. 1970లో ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్ని, మానవ కణాన్ని కలిపి ఒకే కణంగా మార్చారు. శరీర ఉష్ణోగ్రత వద్ద సుమారు 40 నిమిషాల్లో రెండింటి ఉపరితల ప్రోటీన్లు కలగలిసిపోయాయి. ఉష్ణోగ్రత బాగా తగ్గిస్తే ఆ కలయిక ఆగిపోయింది. త్వచం బిగుసుకున్న గోడ కాదని దీనితో స్పష్టమైంది. 1972లో సింగర్, నికల్సన్ ప్రవాహి మొజాయిక్ నమూనాను ప్రకటించారు. ద్రవంలా కదిలే లిపిడ్ పొరలో ప్రోటీన్లు పొదిగి ఉంటాయని, కొన్ని దాన్ని ఆసాంతం దాటి ఉంటాయని దాని సారాంశం. ఆ తరువాత నీటి అణువులను పంపే ఆక్వాపోరిన్ ప్రోటీన్‌ను గుర్తించినందుకు పీటర్ ఆగ్రేకు, అయాన్ మార్గాలపై కృషికి రోడరిక్ మెకిన్నన్‌కు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

కణ ప్రత్యుత్పత్తిలోనూ త్వచానిది కీలక పాత్ర. జంతుకణం విభజన చెందేటప్పుడు ఆక్టిన్, మయోసిన్ ప్రోటీన్ల వలయం త్వచాన్ని నడుమ నొక్కుతుంది. లోపలి నుంచి వచ్చే చిన్న సంచులు దానితో కలిసి, పెరిగే ఉపరితలానికి సరిపడా పొరను సమకూరుస్తాయి. కొత్త కణం పాత కణం నుంచే పుడుతుందని 1855లో రుడాల్ఫ్ విర్కో చెప్పిన సూత్రం త్వచానికీ వర్తిస్తుంది. కణంలో త్వచం ఎన్నడూ శూన్యం నుంచి మొదలు కాదు. ఉన్న త్వచమే పెరిగి, విడిపోయి తరువాతి తరానికి చేరుతుంది.