కడలి దాఁటిన మన పెద్దలు: యుద్ధసేవా పత్రముల యన్వేషణము



తర్పణ సమయమునఁ బితృ పితామహ ప్రపితామహులను నామగోత్రములతోఁ బేర్కొని స్మరించుట మన యాచారము. పేరు నిలుపుటయే పితృఋణములో మొదటి పాలు. కాని మన కులచరిత్రములు పెక్కులు రాజులతోను దుర్గములతోను మొదలై సన్మానపత్రములతో ముగియుచున్నవి. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాసంగ్రామమునకును, 1939 మొదలు 1945 వఱకు జరిగిన రెండవ సంగ్రామమునకును మన తాతలలోఁ గొందఱు సముద్రము దాఁటి పోయిరన్న సంగతి వానిలో నొక్క వాక్యముగానైనఁ గానరాదు. వారి పత్రము లెక్కడ నున్నవి? వాని నెట్లు వెదకవలయును? ఈ రెండు ప్రశ్నలకు నాకుఁ దెలిసినంతవఱకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

తెలుఁగువాఁడు యుద్ధమునకుఁ గొఱగాఁడను మాట చరిత్రవిరుద్ధము. 18వ శతాబ్దమున దక్షిణాది సిపాయిలు వంగదేశమునకుఁ బోయినందున నచ్చట సిపాయికే ‘తిలంగా’ యను పేరు రూఢియైనది. 1780 నాఁటి మూలముగల మద్రాసు సాపర్ల దళము నేఁటికిని బెంగుళూరు కేంద్రముగా నిలిచియున్నది. 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సేనకధిపతియైన రాబర్ట్సు దొర యుత్తరాదివారే యోధులని నమ్మి దక్షిణాదివారిని గొంచెపఱచెను. ఆ యభిప్రాయము ప్రబలిన కొలఁది మద్రాసు పటాలములు తఱిగిపోయినవి. అయినను యుద్ధము రాఁగానే మనుష్యులు కావలసివచ్చిరి. 61వ పయొనీర్లును, 63వ పాలంకోట పటాలమును 1914 నవంబరులోనే తూర్పు ఆఫ్రికాయందలి టాంగాయొద్ద దిగినవి. పశ్చిమగోదావరి సీమలోని మాధవరము రెండు యుద్ధములకును బంపిన వీరుల సంఖ్యచేతనే ‘మిలిటరీ మాధవరము’ అని పేరువడసెను. మన పామూరు, కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు మెట్టసీమల కట్టి కీర్తి లేదు. ఇచ్చటనుండి పోయినవారు ఒకరొకరుగాఁ బోయిరి, ఒకరొకరుగానే మఱవఁబడిరి.

యుద్ధమునకుఁ బోయినవారందఱును తుపాకి పట్టినవారు కారు. 1919 డిసెంబరు 31వ తేది నాఁటికి హిందూదేశమునఁ జేర్చుకొనఁబడినవారు ఇంచుమించు 14 లక్షలు. అందు 5 లక్షల 63 వేలమంది బరువులు మోసినవారు, బాటలు వేసినవారు, వంటవారు, కంచరగాడిదలను దోలినవారు, క్షతగాత్రులను డోలీలలో మోసినవారు. మా పితామహుఁడు ‘బసరా’కుఁ బోయివచ్చెనని మా యింట వాడుక. ఆయన విడిచిపోయినది కంచుపతక మొక్కటియే. దాని యంచుమీఁద నొక సంఖ్య, ఒక పేరు, ‘లేబర్ కోర్’ అను మాట సూక్ష్మాక్షరములతోఁ జెక్కఁబడియున్నవి. సిపాయిలకిచ్చిన బ్రిటిషు యుద్ధపతకము వెండిది. కూలిదళములవారికి దానినే కంచుతోఁ జేసియిచ్చిరి. లోహమే ఆయన వృత్తిని జెప్పినది.

ఈ వ్యాసము వ్రాయఁబూనినప్పుడు బంధువులలోఁ గొందఱు “తాతగారు సిపాయి యనియే వ్రాయుము, సభలో కూలి యనకుము” అని బోధించిరి. నే నట్లు వ్రాయఁజాలను. 1914 నవంబరులో బసరా బ్రిటిషువారి వశమైననాఁటికి అచ్చట గొప్ప యోడలు చేరఁదగిన రేవుకట్టలు లేవు. సరకును నదినడుమ పడవలలోనికి దింపవలసియుండెను. తరువాతఁ గట్టిన రేవులకును, ఇనుపదారులకును, వరదకట్టలకును కూలిదళముల భుజములే యాధారము. ఆ దారులమీఁద నన్నమును మందుగుండును పోకున్నచో 1917 మార్చి 11వ తేదిని బాగ్దాదు పట్టువడునా? ఆ సీమ యెండలు, రోగములు సామాన్యములు కావు. సేనానియైన మాడ్ దొరయే 1917 నవంబరులో బాగ్దాదున విషూచివలన మరణించెను. కూలివాని గతి చెప్పనేల? అట్టిచోట బరువుమోసి బ్రదికివచ్చిన వానిని సిపాయి యని చెప్పుట ఆయనకు గౌరవము గాదు. ఆయన పడిన శ్రమను దుడిచివేయుట.

ఇఁక పత్రముల సంగతి. మన సిపాయిల సేవాపత్రము లన్నియు లండనులో నున్నవని పలువురు తలంతురు. అవి సామాన్యముగా ఆయా పటాలముల కార్యస్థానములయందు ఇచ్చటనే యుండెడివి. లండనునందలి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తరములును, క్యూ యను చోటనున్న నేషనల్ ఆర్కైవ్సులో దళముల యుద్ధదినచర్యలును గలవు. దినచర్యలలో దొరలు పేర్లతో నుందురు, మనవారు తఱచుగా సంఖ్యలై యుందురు. అయినను ఏ దళ మేనాఁ డెచ్చట విడిసెనో యందుఁ దెలియును. పతకపు టంచున దళము పేరు దొరకినచో, ఆ దళము వెంట తాతగారిని గూడ మనము నడిపింపవచ్చును.

మృతులకుఁ గామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి పట్టిక గలదు. 1917లో స్థాపితమైన యీ సంస్థ మృతులందఱిని సమానముగా స్మరింతు మనెను. కాని 1929లో నావిష్కృతమైన బసరా స్మారకమున ఆంగ్లసైనికుల పేర్లును, హిందూసైన్యపు టుద్యోగుల పేర్లును జెక్కి, మన సామాన్య సిపాయిలను సంఖ్యగా మాత్రమే చూపిరి. 2021 ఏప్రిలులో ఆ సంస్థయే విచారణ ఫలితమును బ్రకటించి క్షమాపణ చెప్పుకొనెను. అయినను అది మృతుల పట్టిక. తిరిగివచ్చినవారి పేర్లు అందుండవు.

వెదకువారు రెండు సంగతులు మఱవరాదు. మొదటిది యూరిపేరు. ‘ప్రకాశము’ అని వెదకినచో నొక్కరును దొరకరు. ఆ జిల్లా 1970లో ఒంగోలు పేరుతో నేర్పడి, 1972లో ప్రకాశము పేరు దాల్చెను. యుద్ధకాలమునఁ బామూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు మండలములోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు మండలములోనివి. రెండవది మనిషిపేరు. దొరల గుమాస్తాలు తమ చెవికి వినఁబడినట్లు వ్రాసికొనిరి. ఇంటిపేరు విడిచి, తండ్రిపేరుతో వ్రాసినవియు నుండును. కావునఁ దండ్రిపేరును, ఊరును సరిపోల్చుకొనక యెవ్వనిని మన తాత యని నిర్ణయింపరాదు.

రెండవ యుద్ధమువారి విషయమున నన్వేషణము కొంత సులభము. నాఁడు హిందూసైన్యము 25 లక్షలకు మించినది. మనవారికిచ్చిన పతకములపైఁ బేరును సంఖ్యయుఁ జెక్కిరి. బర్మా నక్షత్రము, ఆఫ్రికా నక్షత్రము, ఇటలీ నక్షత్రము అను పేర్లే వారు పనిచేసిన దేశములను జెప్పును. ఆ సంఖ్యను బట్టి, మద్రాసు రెజిమెంటువారికి నీలగిరులలోని వెల్లింగ్టనునకును, సాపర్లకు బెంగుళూరునకును జాబు వ్రాసి యడుగవచ్చును.

కావున సంఘమువారికి నా విన్నపములు మూఁడు. ఒకటి: ప్రతికుటుంబమును పతకములు, విడుదలపత్రములు, పింఛను పుస్తకములు, ఉత్తరములు వెదకి వాని ప్రతిబింబములను సంఘ కార్యాలయమునకుఁ బంపవలయును. పతకములను జింతపండుతోఁ దోమరాదు, అంచుమీఁది యక్షరము లరిగిపోవును. కంచు తూకమునకు అమ్మరాదు. రెండు: దాతలు ఒక విద్యార్థికి వ్యయమిచ్చి, మనవారు చేరిన దళముల దినచర్యలకుఁ బ్రతులు వ్రాయింపవలయును. మూఁడు: వచ్చు మహాసభనాఁటికి మన సీమనుండి కడలి దాఁటినవారి పట్టిక యొకటి యచ్చువేయింపవలయును. అందు సుబేదారును, సిపాయియు, వంటవాఁడును, కూలియు అకారాదిక్రమమున నొకే వరుసలో నుండవలయును.

ఎనుబదియేండ్లు దాఁటిన మన యమ్మమ్మలు, నాయనమ్మలు మాత్రమే యిప్పటికిని కొన్ని పేర్లు చెప్పఁగలరు. లండను దస్తరములు మఱి పదియేండ్లకైనను అట్లే యుండును. వీరిని ముందుగా నడుగుఁడు.