చేప తలలోని కబురు



సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట చేపల మార్కెట్టులో బొచ్చె తల పులుసుకని అడిగి కొనేవారు చాలామంది. ఆ తల పుర్రెలో, మెదడు కింద, చిన్న గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దానిని పీయూష గ్రంథి అంటారు. ఈనాడు మన చెరువుల్లో వదిలే చేపపిల్లల చరిత్ర ఆ గ్రంథితోనే మొదలయింది.

బొచ్చె, రవ్వ, ఎర్రమోసు చెరువులో చక్కగా పెరుగుతాయి. కాని నిలవనీటిలో గుడ్లు పెట్టవు. కడుపునిండా గుడ్లున్నా సరే, వాన పడి, ఏరు పొంగి, కొత్తనీరు పారాలి. అందుచేత పూర్వం చేపవిత్తనమంటే గంగ వంటి నదుల వరదలో పట్టి తెచ్చినదే. అందులో ఏ జాతి ఎంతో పట్టినవాడికే తెలియదు. తోటి పిల్లల్ని మింగే వాలుగ పిల్లలూ కలిసి వచ్చేవి.

బ్రెజిల్ దేశంలో 1930ల్లో ఫాన్ ఇహెరింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చేప పీయూష గ్రంథి రసాన్ని వేరొక చేపకు సూది వేసి గుడ్లు పెట్టించాడు. మన దేశంలో 1957 జూలై 10న, ఒడిశాలోని అంగుల్‌లో, హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు మన పెద్దజాతి చేపల మీద ఇదే పద్ధతిలో విజయం సాధించారు. అందుకే ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినం జరుపుకుంటున్నాం.

సూది ఎందుకు పనిచేసింది? కొత్తనీరు వచ్చిందని ముందు మెదడు గ్రహిస్తుంది. వెంటనే పీయూష గ్రంథికి కబురు పంపుతుంది. ఆ కబురు ఒక పెప్టైడు హార్మోను; పది ఎమినో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన దండ అన్నమాట. కబురు అందగానే గ్రంథి తన హార్మోనును నెత్తురులోకి వదులుతుంది. అది గుడ్లసంచికి చేరి, అక్కడ మరొక హార్మోనును పుట్టిస్తుంది. అప్పుడు గుడ్లు పండి విడుదలవుతాయి. చెరువుచేపలో మెదడు కబురే ఆగిపోతున్నది. 1957లో మెదడుతో పనిలేకుండా, గ్రంథి ఇవ్వవలసిన హార్మోనును బయటినుంచి ఇచ్చారు.

మరి మెదడు పంపే ఆ కబురు ఏమిటి? 1971లో షాలీ గారి బృందం పంది మెదళ్ల నుంచి, గీయమాన్ గారి బృందం గొర్రె మెదళ్ల నుంచి దాని నిర్మాణం తేల్చారు. 1977లో ఇద్దరికీ నోబెల్ బహుమానం దక్కింది. తరువాత సాల్మన్ చేపలో చూస్తే, పది పూసల్లో రెండే తేడా! గేదెకు గుడ్డు విడుదల ఆలస్యమైతే పశువైద్యులు వాడేదీ ఈ కుటుంబపు హార్మోనే.

చేపలో ఇంకొక చిక్కుంది. మెదడు డోపమిన్ అనే పదార్థంతో పీయూష గ్రంథికి పగ్గం కూడా వేస్తుంది. అందుచేత నేటి మందులో ఆ దండను పోలిన హార్మోనూ, పగ్గం వదులుచేసే డోంపెరిడోనూ కలిపి ఉంటాయి. గ్రంథి రసమైతే తల్లిచేపకు ఆరు గంటల ఎడంతో రెండు సూదులు వెయ్యాలి. గ్రంథిని బట్టి బలం మారేది. ఇప్పుడు ఒక్క సూది చాలు.

అయితే ఒక్కమాట మరువకండి. సూది గుడ్లను తయారుచెయ్యదు. తయారైన గుడ్లను విడిపిస్తుంది, అంతే. తల్లిచేపకు నెలలకొద్దీ మంచి మేత, మంచి నీరు ఉంటేనే ఫలితం.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. నదిలో వేల తల్లిచేపలు కలిసేవి. హేచరీలో ఏటేటా అవే కొద్దిపాటి తల్లులను, వాటి పిల్లలనే వాడితే రక్తసంబంధపు సంకరం జరిగి ఎదుగుదల తగ్గుతుంది. బొచ్చెనూ, రవ్వనూ ఒకే తొట్టిలో పెట్టించినా జాతులు కలిసిపోతాయి. పూర్వం వరద తెచ్చిన కల్తీని ఇప్పుడు మనచేతులతో మనమే తెచ్చుకోవడం కాదా?

కనుక పిల్లలు కొనేటప్పుడు ధర ఒక్కటే అడగకండి. తల్లిచేపలు ఎక్కడివి, ఎన్నేళ్లకు మారుస్తారు, జాతులను విడివిడిగా పెట్టిస్తారా అని అడగండి. వరివిత్తనానికి అడుగుతాం గదా, చేపవిత్తనానికీ అంతే. పంట సగం విత్తనంలోనే ఉంది.