కాలువగట్టున పాతయంత్రములు

ఈనాడు ఏ పల్లెకు పోయినను రచ్చబండ ప్రక్కనో, పెట్రోలుబంకు కడనో పసుపుపచ్చని త్రవ్వుడుయంత్ర మొకటి నిలిచియుండును. దానిని జేసీబీ యందుము. గొలుసుపట్టాలమీద ప్రాకు పెద్దదానిని ప్రొక్లెయిన్ అందుము. నిజమునకు ఈ రెండును యంత్రముల పేర్లు కావు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను ఆంగ్లేయుడు 1945వ సంవత్సరమున యుటాక్సిటరు అను పట్టణమందు చిన్న కొట్టమొకటి అద్దెకు తీసికొని పని ప్రారంభించెను. ఆయన పేరులోని మూడు పొడియక్షరములే జేసీబీ. పొక్లేన్ అనునది ఫ్రాన్సుదేశపు కంపెనీ పేరు. మన నోట అది కొంత ఒరసికొని ప్రొక్లెయిన్ అయినది. ఎక్కడి యుటాక్సిటరు, ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి కురిచేడు! అయినను చెఱువుపూడిక తీయించు రైతు ఆ పేర్లను సజ్జ, కంది, ఆముదము అన్నంత తేలికగా పలుకుచున్నాడు.

ఇంగ్లాండుదేశమున పేరు వేఱొక దారిని నడచినది. పదునెనిమిదవ శతాబ్దమున అచట పడవల రాకపోకలకై కాలువలు త్రవ్విన కూలీలను నావిగేటరు లనెడివారు. ఆ మాట నలిగి నావీ యైనది. తరువాత రైలుకట్టలు వేసినవారికిని అదే పేరు నిలిచెను. ఆవిరిబలముతో మట్టి త్రవ్వు యంత్రము వచ్చినప్పుడు దానిని వారు స్టీమ్ నావీ యనిరి, అనగా ఆవిరికూలి. 1887 మొదలు 1894 వఱకు త్రవ్విన మాంచెస్టరు ఓడకాలువలో ఇట్టి ఆవిరికూలీలు పదులకొలది పనిచేసినవి. అచట మనిషి పేరు యంత్రమునకు పోయినది. ఇచట యంత్రమునకు కంపెనీ పేరున్నది, మనిషి పేరు ఎచటికి పోయినదో వెదకవలసియున్నది. నేడు నేను ముచ్చటింపబూనినది పాతలారీలనుగూర్చియు, త్రవ్వుడుయంత్రములనుగూర్చియే గాని, ఈ వెదకులాట మాత్రము నడుమ నడుమ నన్ను విడువదు.

ఆ ఓడకాలువ పని జరుగుచున్న దినములలోనే కురిచేటిమీదుగ మన రైలుకట్ట పడినది. 1876–78 నాటి ధాతకరువును మన ముత్తాతలు మఱువలేదు. కరువుసీమలకు ధాన్యము చేర్చుటకు రైలుమార్గములు వలయునని 1880లో కరువు కమీషను చెప్పెను. సదరన్ మరాఠా రైల్వేవారు గుంతకల్లునుండి నంద్యాల, కంభము, కురిచేడు, గుంటూరులమీదుగ మీటరుగేజి మార్గమును వేసి బెజవాడకు చేర్చిరి. నల్లమలలో బొగద త్రవ్విరి, దొరబావికడ ఎత్తైన వంతెన కట్టిరి. ఇంగ్లాండున ఆవిరికూలి గర్జించుచుండగా మనకడ మట్టి మోసినవి తట్ట, కావడి, గాడిద. కూలి చౌక, యంత్రము ప్రియము. అదే లెక్క మనదేశమున మఱి యెనుబదియేండ్లు నడచెను.

మట్టిపనియందు మన వడ్డెరలకు మించినవారు లేరు. మన్నువడ్డెరలని, రాతివడ్డెరలని వారిలో పనినిబట్టి తెగలు కలవు. గడ్డపార దించిన చప్పుడునుబట్టియే అడుగున గరుసున్నదో, సుద్దయున్నదో, రాయి తగులునో చెప్పగలవారు వారిలో నుండిరి. వారికి దినకూలి కాదు, కొలతకూలి. త్రవ్విన గుంత పొడవును వెడల్పును టేపుతో కొలువవచ్చును. లోతునకు సాక్షి యెవరు? అందుకై గుంతనడుమ చిన్న మట్టిదిబ్బ నొకదానిని, పైనున్న పచ్చికతో సహా, త్రవ్వక విడిచెడివారు. పాతనేల యెంత యెత్తున నుండెనో ఆ దిబ్బయే చెప్పును. కొందఱు గడుసువారు రాత్రివేళ దానినెత్తిన మఱి నాలుగంగుళముల మట్టి దిద్ది లోతు పెంచెడివారు. అందుచేత ఓవర్సీయరు ముందుగా దిబ్బమీద గడ్డివేళ్ళున్నవా యని గిల్లి చూచెడివాడు. కొలత ముగిసి ఎం.బుక్కున కెక్కిన మఱునిమిషమున ఆ దిబ్బనుకూడ త్రవ్వి పాఱవైచెడివారు. ఆ కాలపు కూలిజనులు తమ పనికి ముద్రగా నిలిపినది ఆ యొక్కటియే, అదియు నిలువలేదు.

ఇక యంత్రములమాట. మనవైపు పిల్లలు మొదట వెంటబడి పరుగెత్తినది రోడ్డుఇంజనువెంట. ఆవిరితో నడచు ఆ రోలరులను ఇంగ్లాండులోని రాచెస్టరు పట్టణపు అవెలింగ్ అండ్ పోర్టరు కంపెనీవారు చేసి లోకమంతటికి పంపిరి. ముందువైపున ముంగాళ్ళెత్తి నిలిచిన గుఱ్ఱపుబొమ్మ యుండెడిది. అది మనిషి నడకకంటె వేగముగ పోయెడిది కాదు. కనుకనే పిల్లలకు దానియం దంత ప్రీతి.

లారీలు ప్రబలినది రెండవ ప్రపంచయుద్ధకాలమున. అప్పుడు పెట్రోలునకు రేషను పెట్టుటచే బస్సులకు, లారీలకు వెనుకవైపున పెద్ద పీపావంటి కొలిమి తగిలించి, కట్టెబొగ్గు రాజవేసి, దానినుండి పుట్టు వాయువుతో నడపిరి. బయలుదేరుటకు ముందు క్లీనరు ముప్పావుగంట సేపు పంఖా త్రిప్పవలెను. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగి త్రోయవలెను. టికెట్టు కొని బండి నెట్టుట ఆనాటి ముచ్చట. 1945లో యుద్ధము ముగియగానే సైన్యమువారు వదలిన లారీలు వేలములకు వచ్చెను. పిమ్మట బొంబాయి ప్రీమియరువారి డాడ్జి, ఫార్గో బండ్లును, 1954 మొదలు జంషెడ్‌పురమున టాటావారు జర్మనుల తోడ్పాటుతో చేసిన బెంజి బండ్లును, మద్రాసున అశోక్ లేలాండు బండ్లును వచ్చెను. ఇంజను ముక్కువలె ముందునకు పొడుచుకొనియుండుటచే ముక్కులారీ యనెడివారము. టాటాబండి ముక్కున మూడుకోణముల నక్షత్ర ముండెడిది. 1969లో జర్మనులతోడి ఒడంబడిక తీఱిన పిదప ఆ తావున టాటావారి యక్షర మొకటి వచ్చెను. నక్షత్రమున్న బండియే గట్టిదని వాదించు డ్రైవరులను నే నెఱుగుదును.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసెను. అప్పటికే భాక్రాకడ కాంక్రీటుతో, మహాయంత్రములతో ఆనకట్ట లేచుచుండెను. మన ఇంజనీర్లు వేఱుమార్గము పట్టిరి. సిమెంటు కొఱత, విదేశపు ధనము కొఱత. మనకు కొఱత లేనివి రాయి, మనిషి. కనుక రాతికట్టడమే మేలనిరి. 124 మీటర్ల యెత్తుగల ఆ కట్టడమున రాళ్ళను మనుష్యులే సరుగుడువాసముల మెట్లమీదుగ మోసి పేర్చిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. కుడికాలువ పొడవు 203 కిలోమీటర్లు. అది పల్నాటిని దాటి మన కురిచేటి దెసకు వచ్చినది.

మా యూరివైపు ఆ కాలువ త్రవ్వునాటికి నేను పలకాబలపము పట్టినవాడను. పాలమూరునుండి వచ్చిన కూలీలు గుడిసెలు వేసికొని గట్టుపొడవున కాపురముండిరి. ఆడువారు చుట్టకుదురుమీద తట్ట పెట్టుకొని బారులు తీఱి గట్టెక్కెడివారు. గట్టుమీద మగవారు దిమ్మిసలతో మట్టిని పొరపొరగా గట్టిపఱచెడివారు. దూరపుమట్టికి మాత్రమే లారీ. అప్పటి లారీలకు తొట్టిని తనంతట నెత్తి క్రుమ్మరించు కీలు లేదు. ప్రక్కపలకలు విప్పి పారలతో లాగవలసినదే. అనగా మనిషి నింపెను, మనిషి దింపెను, లారీ నడుమ మోసినది. అయినను ఆ సాయంకాలము ఊరిలో అందఱు చెప్పుకొన్నది లారీనిగూర్చియే. ఉదయమున హ్యాండిలు త్రిప్పుట యొక ఘట్టము. ఇంజను ఎదురుకొట్టినచో మణికట్టు విఱుగును. అందుచే బొటనవ్రేలిని తక్కినవ్రేళ్ళ ప్రక్కనే యుంచి పట్టవలెనని డ్రైవరు క్లీనరునకు నేర్పుచుండగా మేము గట్టుమీద కూర్చుండి ఉత్తచేతులతో అభ్యాసము చేసితిమి.

నాటి త్రవ్వుడుయంత్రములును నేటివానివంటివి కావు. ఇప్పటి చేయి నూనెయొత్తిడితో మడతపడును, చాపుకొనును. అప్పటివి ఇనుపత్రాళ్ళతో, కప్పీలతో పనిచేసెడివి. డ్రైవరు కాళ్ళతో చేతులతో నాలుగైదు మీటలను ఒక్కతూరి ఆడింపవలెను. బుట్ట అడుగున నొక తలుపు, దానికి గడియ. గడియ లాగినచో మట్టి దబ్బున పడును. 1964లో బెంగుళూరున భారత్ ఎర్త్ మూవర్సు సంస్థ పుట్టిన పిదపనే మట్టిపని యంత్రములు మనదేశమున విరివిగా తయారగుట మొదలైనది. జేసీబీ 1979లో గాని మనదేశమున తయారు కాలేదు.

మార్కాపురపు పలక తెలియని పెద్దలు మీలో నుండరు. అట్టి పలకరాతికే పేరుపడిన దేశము వేల్సు. అచటి డినోర్విక్ గని 1969లో మూతపడగా, దాని కర్మశాలను 1972లో ప్రదర్శనశాలగా మార్చి, నీటిచక్రము మొదలు పనిముట్లవఱకు దాచిరి. ప్రక్కనున్న పెన్రిన్ గనిలో 1900 మొదలు 1903 వఱకు సమ్మె చేసిన కూలీలు, తమ యింట ద్రోహి లేడని వ్రాసిన అట్టలను కిటికీలలో నిలిపిరి; ఆ సంగతియు వారి చరిత్రలో చేరినది. 2021లో ఆ పలకసీమ ప్రపంచవారసత్వపు పట్టీ కెక్కెను. మనకడ ముక్కులారీ పాతయినుము తూకమునకు పోయినది. అందులకు నాకు పెద్దచింత లేదు. ఇనుము మరల ఇనుమగును. పాలమూరునుండి వచ్చిన ఆ బారులలో ఒక్కరి పేరైనను ఏ శిలాఫలకమునను లేదు. నా చింత దానికే.

కొన్నియేండ్లక్రిందట కాలువకు పూడిక తీయుచుండిరి. నాతో గట్టుమీద నొక వృద్ధుడు నిలిచియుండెను. వడ్డెర, పడుచుతనమున ఈ కాలువలోనే మట్టి త్రవ్వినవాడు, కుడిచేతి చూపుడువ్రేలు సమ్మెట క్రింద పోయినది. ప్రొక్లెయిన్ ఒక్కొక్క పోటునకు బండెడు మట్టి నెత్తి టిప్పరులో వేయుచుండెను. కుఱ్ఱడ్రైవరు బీడీకై ఇంజను ఆపగా ముదుసలి క్రిందికి దిగి అడిగెను.

"ఏం నాయనా, ఇంతమేర ఎంతసేపట్లో తవ్వుద్దీ మిషను?"

"అరగంట తాతా. మీరైతే ఎన్నాళ్ళు తవ్వారు?"

"మా గుంపు ఎనిమిది రోజులు. నా పెళ్ళాం చంకన బిడ్డ, నెత్తిన తట్ట."

నాకు మనసు కలుక్కుమనెను. "ఈ మిషన్లు వచ్చి మీ పని పోయింది గదా, పెద్దాయనా?" యంటిని.

"పోతే పోయింది లెండి అయ్యా. నా కోడలి మెడ నిలువుగా ఉంది, చూశారా? నా పెళ్ళాం మెడ ముప్పయ్యేళ్ళకే కుంగిపోయింది." ఇంత చెప్పి, వ్రేలు లేని ఆ చేతితో కాలువ నడుమను చూపి, "ఆ గరుసు తేలినచోట, అదుగో, అక్కడ వదిలాం సాక్షిదిబ్బ. కొలిచినోడు గడ్డి గిల్లి చూసి, నాలుగంగుళాలు తగ్గించి రాసుకున్నాడు. మేము దిద్దలేదయ్యా. దేవుడి తోడు, దిద్దలేదు" అనెను.

కుఱ్ఱవాడు బీడీ పాఱవైచి యంత్రమెక్కెను. బుట్టను ఆ చోటికి త్రిప్పుచు, ముసలివాడు ప్రక్కకు తొలగువఱకు ఆగియుండెను.