కరెంటు బిల్లులో ‘ఎఫ్‌పీపీసీఏ’ ఏంటి? పాత వాడకానికి ఇప్పుడెందుకు కట్టాలి?

ముప్పాళ్ళలో అమ్మానాన్నల ఇంటి కరెంటు బిల్లు మీరే ఫోన్‌లో కడుతున్నారా? వాడకం పెరగకున్నా బిల్లు పెరిగితే ‘ఎఫ్‌పీపీసీఏ’ అనే వరుస చూడండి. ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు ఛార్జీ ఇది.

ఎందుకు వేస్తారు?
రాష్ట్రంలో టారిఫ్‌ను ఏటా ఏపీఈఆర్‌సీ ఖరారు చేస్తుంది. ఆ తర్వాత బొగ్గు ధర పెరిగినా, ఎండాకాలంలో డిస్కంలు మార్కెట్లో ఎక్కువ రేటుకు కరెంటు కొన్నా తేడా మన బిల్లులోకి వస్తుంది. 2003 విద్యుత్ చట్టం ఇందుకు వీలు కల్పించింది.

ఎంత?
2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు డిస్కంలే నెలనెలా వేసుకోవచ్చు. అంటే 100 యూనిట్లకు రూ.40. ఏడాది చివర కమిషన్ లెక్క తేలుస్తుంది. ఎక్కువ వసూలైతే వెనక్కి ఇవ్వాలి. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గించింది ఇలాగే.

చిక్కు ఎక్కడ?
ధర చూసి వాడకం తగ్గించుకోవాలన్నది ఆర్థికశాస్త్ర సూత్రం. వాడేశాక వచ్చే ధర ఆ పని చేయలేదు. పైగా బాకీ సర్వీసు నంబరును అంటుకుని ఉంటుంది. పాత అద్దెదారు వాడిన యూనిట్ల భారం కొత్తగా దిగినవారిపై పడుతుంది.

మీరేం చేయాలి?
సర్దుబాటు ఏ నెలదో బిల్లులో చూడండి. ఆ నెల యూనిట్లను రేటుతో గుణించండి. తేడా ఉంటే 1912కు ఫోన్ చేయండి. పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపై విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అద్దె ఇల్లయితే, పాత నెలల సర్దుబాటు ఎవరు కట్టాలో దిగేముందే యజమానితో రాయించుకోండి.