ఇంటి ఎస్‌టీపీ కంపు కొడుతోందా? ముందు గాలి పంపు చూడండి

హైదరాబాద్ శివార్లలో డ్రైనేజీ లైన్ చేరని కాలనీల్లో ఇంటికో చిన్న ఎస్‌టీపీ పెట్టుకునేవాళ్లు ఉన్నారు. భూమిలో పాతిన ట్యాంకు, పక్కన పెట్టెలో గాలి పంపు, పైకి కనిపించేది ఇంతే. సెప్టిక్ ట్యాంకు లాగే మూతేసి మరచిపోతే మాత్రం ఇది నడవదు.

సెప్టిక్ ట్యాంకులో పనిచేసేది గాలి అక్కర్లేని బాక్టీరియా. ఎస్‌టీపీలో ఉండేది గాలి మీద బతికే బాక్టీరియా. మొదటి గదిలో గట్టి మలినం అడుగుకు దిగుతుంది. రెండో గదిలో పంపు గాలి ఊదుతుంటే బాక్టీరియా మురికిని తినేస్తుంది. మూడో గదిలో బురద కిందికి చేరి, పైన తేరిన నీళ్లు బయటికి పోతాయి. ఆ నీళ్లు చెట్లకు పెట్టొచ్చు, పచ్చిగా తినే కూరగాయలకు వద్దు.

కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిపూట పంపు ఆపేవాళ్లున్నారు. 80 వాట్ల పంపు 24 గంటలూ తిరిగినా రోజుకు రెండు యూనిట్లు కాదు. ఆ మిగులు కోసం బాక్టీరియాను చంపుకుంటే మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. కొన్ని ఎస్‌టీపీలు టైమర్ మీద ఆగి ఆగి నడుస్తాయి, వాటి టైమింగ్ మార్చకండి.

ట్యాంకు బాగుందా లేదా తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పొడవాటి కర్రకు మగ్గు కట్టి, గాలి ఊదే గదిలోంచి లీటరు నీళ్లు తీసి, గాజు సీసాలో అరగంట కదపకుండా ఉంచండి. చాక్లెట్ రంగు బురద అడుగున పావు వంతు దాకా దిగి, పైన నీళ్లు తేటగా ఉంటే అంతా సరిగ్గానే ఉన్నట్టు. బురద సగం దాటితే కొంత తీయించాలి. నల్లగా ఉంటే గాలి చాలట్లేదు. ఏమీ దిగకపోతే బాక్టీరియా లేదు. ఎక్కువసార్లు దానికి కారణం బాత్‌రూమ్‌లో పోసిన యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగే. దావత్ అయ్యాక బిర్యానీ డేగ్‌ల నూనె కూడా ఇంతే పని చేస్తుంది. ముందు కాగితంతో తుడిచి, తర్వాత కడగండి.

బుడగలు రాకపోతే మొదట ప్లగ్, ఎంసీబీ, ఆ తర్వాత ఫిల్టర్ చూడాలి. దుమ్ము పట్టిన ఫిల్టరే సగం రిపేర్లకు మూలం, నెలకోసారి దులిపితే చాలు. పంపు మోగుతున్నా గాలి రాకపోతే లోపలి రబ్బరు డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది. పంపు మోడల్ చెప్పి కిట్ తెప్పించుకోవచ్చు. విప్పేముందు మెయిన్ ఆపేయాలి. నీళ్లు ఒక్కచోటే కుతకుత ఉడికినట్టు లేస్తుంటే అడుగున డిఫ్యూజర్ చిరిగినట్టు. అది పైపుతో సహా పైకి లాగేలా ఉంటేనే ముట్టుకోండి.

లేకపోతే కంపెనీ మనిషిని పిలవండి. దాని కోసం ఎవర్నీ లోపలికి దింపొద్దు. రోజుకూలీకి వచ్చిన అన్న ‘పర్వాలేదు భాయ్, రెండు నిమిషాలే’ అన్నా సరే. ట్యాంకులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియదు. ఒకరు పడిపోతే, కాపాడబోయి దిగినవాళ్లూ చనిపోయిన ఘటనలు ఎన్నో. రక్షణ పరికరాలు లేకుండా మనిషితో ట్యాంకు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది.

బురద తీయడానికి వాక్యూమ్ ట్యాంకర్ ఉంది, 14420కి ఫోన్ చేసి అడగొచ్చు. సాధారణంగా మొదటి గది ఖాళీ చేయిస్తే చాలు. గాలి ఊదే గదిలో కొంత బురద ఉంచాలి, పెరుగుకు తోడులా అదే మళ్లీ పనికొస్తుంది. తీసిన వెంటనే ట్యాంకును నీళ్లతో నింపండి. వానాకాలంలో భూమిలో నీటిమట్టం పెరిగితే ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు పైపులు విరుచుకుని పైకి తేలుతుంది.