ఒంటికాలి మిత్రుడు

బాలల సాహసకథలలో దుర్మార్గుడు సాధారణంగా కనిపించిన క్షణంలోనే దుర్మార్గుడని తెలిసిపోతాడు. “ట్రెజర్ ఐలండ్” కథలోని లాంగ్ జాన్ సిల్వర్ అట్టివాడు కాడు. ఆ గ్రంథాన్ని నండూరి రామమోహనరావుగారు “కాంచన ద్వీపం” అన్న పేరుతో తెలుగు చేసినందున మన పిల్లలకును అతడు పరిచితుడే. ఒంటికాలి నావికుడొకడు వచ్చునేమో కనిపెట్టి ఉండమని ముసలి నావికుడు చెప్పిన నాటినుంచి జిమ్ అనే కుర్రవానికి రాత్రులు పీడకలలే. తీరా బ్రిస్టల్ రేవులో ఒంటికాలి మనిషి ఎదురైనప్పుడు అతడొక పానశాల యజమాని. చంకలో ఊతకర్రతో చకచక తిరుగుతూ, వచ్చినవారినందరినీ నవ్వుతూ పలకరించేవాడు. జిమ్ భయం తీరిపోతుంది, మన భయమూ తీరిపోతుంది. ఆ తరువాత అతడు హత్యలు చేసినా, అతనిమీద మనకు పూర్తిగా ద్వేషం పుట్టదు. ఇందుకు కారణం వెదకవలసినది సముద్రంమీద కాదు. ఎడింబరో నగరంలోని ఒక ఆస్పత్రిలో.

విలియం ఎర్నెస్ట్ హెన్లీ 1849లో ఇంగ్లండులోని గ్లోస్టరులో జన్మించినాడు. బాల్యంలోనే ఎముకల క్షయ అతనిని పట్టుకొన్నది. యౌవనారంభంలో ఎడమకాలు మోకాలి దిగువన తీసివేయవలసి వచ్చినది. కొన్నాళ్ళకు కుడిపాదానికీ అదే ఆపద దాపురించినది. ఆ పాదమైనా దక్కించుకొనవలెనని 1873లో అతడు ఎడింబరోకు పోయి, జోసెఫ్ లిస్టర్ చికిత్సకు చేరినాడు. కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధిచేసే పద్ధతిని లిస్టర్ లోకానికి వెల్లడించి అప్పటికి ఆరేడేండ్లే అయినది. దానిని నమ్మని వైద్యులు ఇంకను చాలమంది ఉండిరి. సుమారు 20 నెలలు ఆస్పత్రిలో గడిపినందుకు ఫలితంగా హెన్లీకి పాదం దక్కినది. ఆ మంచంమీదనే అతడు పద్యాలు వ్రాసినాడు. తరువాతి కాలంలో “ఇన్విక్టస్” అన్న పేరుతో లోకప్రసిద్ధమైన పద్యం 1875 నాటిదే.

ఆ ఏడు ఫిబ్రవరిలో లెస్లీ స్టీఫెన్ అనే పత్రికాసంపాదకుడు హెన్లీని చూడబోతూ, మరొక యువరచయితను వెంటబెట్టుకొని వెళ్ళినాడు. ఆ యువకుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. అప్పటి కతని వయస్సు 24. అతడును చిన్ననాటినుంచి ఛాతీ జబ్బుతో బాధపడినవాడే. రోగి మనస్సు రోగికే తెలియునేమో. తరచు ఆస్పత్రికి రావడం, పుస్తకాలు తేవడం, వసంతం రాగానే మిత్రుని బండిలో కూర్చుండబెట్టి ఊరు చూపించడం, ఇట్లా స్నేహం బలపడినది. హెన్లీ భారీ మనిషి. ఎర్రని గడ్డం, విశాలమైన భుజాలు, గది దద్దరిల్లే నవ్వు, వాదానికి దిగితే ఎదుటివాని నోరు మూయించే ధాటి. అవయవలోపం ఉన్నవాడని జాలిపడవలెనన్న ఊహ కూడ ఎవరికీ రానీయనివాడు.

1881 వేసవిలో స్కాట్లండులోని బ్రేమార్‌లో ముసురు పట్టిన రోజులలో, సవతి కుమారుడు లాయిడ్ వినోదం కోసం స్టీవెన్సన్ ఒక దీవి పటం గీచి, దాని చుట్టూ కథ అల్లసాగినాడు. కథకు మొదట పెట్టుకొన్న పేరు “ఓడ వంటవాడు”, అనగా సిల్వరే. అది అక్టోబరునుంచి ఒక బాలల పత్రికలో కెప్టెన్ జార్జ్ నార్త్ అన్న మారుపేరుతో వెలువడినది. 1883లో కాసెల్ సంస్థ దానిని గ్రంథంగా ప్రచురించింది. ప్రతిఫలం 100 పౌన్లు. ఆ బేరం కుదిర్చినవాడు హెన్లీయే!

ఆ ఏడు మే నెలలోనే స్టీవెన్సన్ అతనికి జాబు వ్రాస్తూ అసలు సంగతి ఒప్పుకొన్నాడు. అవిటివాడై ఉండి అవయవాలున్న వారినందరినీ శాసించే మనిషి అన్న భావం పూర్తిగా హెన్లీని చూచి కలిగినదేనట. 1894లో ప్రకటించిన వ్యాసంలో తన పద్ధతిని మరింత వివరించినాడు, పేరు చెప్పకుండా. తన మిత్రునిలోని ఉత్తమగుణాలను తీసివేసి, బలం, ధైర్యం, చురుకుదనం, కలుపుగోలుతనం మాత్రం మిగిల్చి, వానిని మోటు నావికుని వేషంలో నిలిపినాడట. కాని ఆ తీసివేత పూర్తిగా సాగినదని మేము నమ్మజాలము. కథ చివర సిల్వర్‌కు ఉరిశిక్ష పడదు. నాణేల సంచీ ఒకటి చేజిక్కించుకొని తప్పించుకొని పోతాడు. మిత్రుని పోలిక గలవానిని ఉరికంబం ఎక్కించడానికి రచయితకు చేతులు రాలేదని మా అభిప్రాయం. రేడియో నాటకంలో సిల్వర్ పాత్ర వస్తే ఊతకర్ర చప్పుడు సమకూర్చడం సులభమే; గొంతులో ఆ చనువు పలికించగలవాడు దొరకడమే కష్టం.

మిత్రుల జీవితకథ మాత్రం అంత సుఖాంతం కాలేదు. 1888లో స్టీవెన్సన్ భార్య ఫానీ ఒక అమెరికన్ పత్రికలో కథ ప్రచురించగా, అది స్టీవెన్సన్‌కు వరుసకు సోదరి అయిన కాథరీన్ కథకు చాల దగ్గరగా ఉన్నదని హెన్లీ ఒక జాబులో సూచించినాడు. ఆ ఒక్క జాబుతో 13 ఏండ్ల చెలిమి బీటలువారినది. మునుపటి చనువు మరల రాలేదు. స్టీవెన్సన్ 1894 డిసెంబరులో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవిలో మరణించినాడు. 1901లో అతని జీవితచరిత్రను సమీక్షిస్తూ హెన్లీ కటువుగా వ్రాసినాడు. 1887లో అమెరికాకు పోయిన మిత్రుడు తనకు మరల తిరిగి రాలేదన్నది అందులోని సారాంశం. లోకం ఆ సమీక్షను అసూయ అన్నది. మాకు మాత్రం అందులో కోపం కంటె బెంగ ఎక్కువగా కనిపిస్తున్నది.

ఎందుకనగా అప్పటికి హెన్లీ మరొక నష్టాన్ని కూడ అనుభవించి ఉన్నాడు. అతని ఒక్కగానొక్క కూతురు మార్గరెట్ 1894 ఫిబ్రవరిలో, ఐదేండ్ల ప్రాయంలో మరణించినది. ఇంటికి వచ్చే రచయిత జె. ఎం. బారీని ఆ పసిపిల్ల “నా ఫ్రెండీ” అని పిలువబోగా, నోరు తిరుగక అది “వెండీ” వలె పలికేదట. “పీటర్ పాన్” నాటకంలోని బాలికకు బారీ ఆ పేరే పెట్టినాడు. ఇంగ్లీషువారి ఇండ్లలో ఆడపిల్లలకు ఆ పేరు విరివిగా పెట్టుకొనడం ఆ నాటకం తరువాతనే.

నాటకం లండనులో మొదటిసారి ప్రదర్శింపబడినది 1904 డిసెంబరు 27న. హెన్లీ 1903 జూలైలోనే కన్నుమూసినాడు. 1911లో బారీ ఆ కథను నవలగా వ్రాసినప్పుడు, ఓడదొంగల నాయకుడు హుక్‌ను పరిచయం చేస్తూ, బార్బెక్యూ అంతటివానినే భయపెట్టిన ఏకైక వ్యక్తి అని అతనిని వర్ణించినాడు. బార్బెక్యూ అనునది సిల్వర్‌కు అతని ఓడవాళ్ళు పెట్టిన మారుపేరు.