పదవి, పని: రెడ్‌క్రాస్ చరిత్రలో ఒక పాఠము

1863లో జెనీవాలో అయిదుగురు పెద్దలు రెడ్‌క్రాస్‌కు మూలమైన సంఘమును స్థాపించారు. ఆ ఆశయానికి ఆద్యుడు హెన్రీ డ్యునాంట్. వ్యాపారములో దివాలా తీసి, 1867లో ఆయన సంఘము విడువవలసి వచ్చింది. గుస్తావ్ మోయినియే 1864 నుండి 1910లో కన్నుమూసే వరకు, 46 ఏండ్లు, అధ్యక్షులుగా ఉన్నారు.

అంతటివారు పోతే సంఘము చెదరలేదు. ఎందుచేత? తమ బంధువు గుస్తావ్ ఆడోర్‌ను 1870లోనే, యువకుడుగా ఉన్నప్పుడే, సభ్యునిగా చేర్చుకున్నారు. నలభై ఏండ్లు పని తెలిసిన ఆడోర్ 1910లో అధ్యక్షులైనారు. 1914లో ప్రపంచయుద్ధము రాగానే యుద్ధఖైదీల జాడ ఇంటివారికి తెలిపే కార్యాలయమును నెలకొల్పారు.

మన తాతలు కట్టిన సభ నేడు మన చేతిలో ఉన్నది. పండుగనాడు కుర్చీలు సర్దడానికి మన పిల్లలను పిలుస్తున్నాము. లెక్కల పుస్తకము వారి చేతికి ఎప్పుడిస్తాము?